చదవని ఉత్తరానికి రెండు నకళ్లు

ఒక సాకెట్లోంచి బైట్లు వస్తాయి. ఇంకో సాకెట్లోకి వెళ్లాలి. మధ్యలో తిష్ఠ వేసిన ప్రోగ్రాముకు వాటితో వేరే పనేమీ లేదు. లెక్క కట్టదు, తప్పు దిద్దదు, లోపల ఏముందో తొంగి కూడా చూడదు. ప్రాక్సీ అంటారు, గేట్‌వే అంటారు, లోడ్ బ్యాలెన్సర్ అంటారు. బిరుదులకేం, బోలెడన్ని. ఉద్యోగం మాత్రం ఒక్కటే: ఇటు పుచ్చుకోవడం, అటు ఇవ్వడం. ఈ ఒక్క ఉద్యోగాన్ని మన సాఫ్ట్‌వేర్ పరిశ్రమ ఎంత శ్రమపడి, ఎంత ఖర్చుపెట్టి, ఎంత నిష్ఠగా చెడగొడుతుందో నలుగురికీ చెప్పకపోతే ఆ నిష్ఠను అవమానించినట్టే.

కలెక్టరాఫీసు తపాలు సెక్షన్లో ఒక గుమాస్తాను ఊహించుకోండి. పక్క సెక్షనుకు పోవాల్సిన ఉత్తరం ఆయన బల్ల మీదికొచ్చింది. చేయి చాచి అందిస్తే సరిపోతుంది. ఆయన అలా చేయడు. ఉత్తరం మొత్తాన్ని తన తెల్లకాగితం మీద పొల్లుపోకుండా రాసుకుంటాడు, అసలు చించేస్తాడు. ఆ తెల్లకాగితం చూసి ఆఫీసు కాగితం మీద మళ్లీ రాస్తాడు, తెల్లకాగితం చించేస్తాడు. అప్పుడు పంపుతాడు. ఇంత రాసీ ఒక్క వాక్యం చదవడు. చదివే తీరిక ఎక్కడిది, రాయడానికే సరిపోతుంటే? ఇలాంటి ఉద్యోగికి ఏ ఆఫీసులోనైనా మెమో ఇస్తారు. సాఫ్ట్‌వేర్లో మాత్రం ఆయన పేరు రీడ్-రైట్ లూపు. నెట్‌వర్క్ ప్రోగ్రామింగ్ నేర్చుకునే ప్రతి పిల్లా పిల్లవాడూ మొదట దండం పెట్టేది ఆయనకే.

జరిగేది అక్షరాలా ఇదే. నెట్‌వర్క్ కార్డు తనకొచ్చిన ప్యాకెట్లను డీఎంఏ పద్ధతిలో, అంటే ప్రాసెసర్‌ను కదపకుండానే, ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ మెమరీలో దించుతుంది. ప్రోగ్రాము ‘రీడ్’ అంటుంది. ప్రాసెసర్ ఆ బైట్లన్నిటినీ కెర్నల్ బఫర్లోంచి ప్రోగ్రాము బఫర్లోకి కాపీ చేస్తుంది. ఇది మొదటి నకలు. ప్రోగ్రాము వాటివంక చూడనైనా చూడకుండా ‘రైట్’ అంటుంది. ప్రాసెసర్ వాటిని మళ్లీ కెర్నల్లోకే, ఇంకో సాకెట్ బఫర్లోకి కాపీ చేస్తుంది. ఇది రెండో నకలు. అక్కణ్నుంచి కార్డు ఎత్తుకుపోతుంది. కార్డు చేసే రెండు మోతలూ తప్పవు. ప్రాసెసర్ చేసిన రెండు నకళ్లు మాత్రం శుద్ధ దండగ. కెర్నల్లో దిగిన సరుకు కెర్నల్లోంచే బయటికి పోవాలి. దాన్ని ప్రోగ్రాము దగ్గరికి తీసుకెళ్లి తీసుకొచ్చినందుకు రెండు సిస్టమ్ కాల్స్, కెర్నల్ గడప నాలుగుసార్లు దాటడం అదనపు ముడుపులు.

లెక్క వేద్దాం. 10 గిగాబిట్ల లింకు నిండుగా పారితే సెకనుకు 1.25 గిగాబైట్లు. కార్డు వాటిని మెమరీలో రాయడం ఒకసారి, చివర్లో చదవడం ఒకసారి, కలిపి 2.5 గిగాబైట్లు. ఒక్కో నకలుకు ఒక చదవడం, ఒక రాయడం. రెండు నకళ్లకు 5 గిగాబైట్లు. మొత్తం 7.5. క్యాష్ కరుణిస్తే కొంత తగ్గుతుంది. వేల కనెక్షన్ల బఫర్లు దాన్ని ముంచెత్తితే ఆ కరుణా ఉండదు. అంటే మెమరీ మీద పడే భారంలో మూడింట రెండొంతులు ఎవరికీ అక్కరలేని చాకిరీ. ఇదంతా ఒకవైపు పారే డేటాకే. ఈ లెక్క కళ్లెదుట పెడితే పరిశ్రమ ఏం చేస్తుంది? నకళ్లు తగ్గించదు. ఇంకా పెద్ద మెషీను అద్దెకు తీసుకుని, స్కేల్ చేశామని కేకు కోస్తుంది.

పోనీ, మందు లేని రోగమనుకుంటే జాలిపడొచ్చు. మందు కనిపెట్టి పాతికేళ్లు దాటింది. డేవిడ్ మాల్ట్జ్, ప్రవీణ్ భాగవత్ 1998లోనే ఐబీఎం పరిశోధన నివేదికలో టీసీపీ స్ప్లైసింగ్ అనే పద్ధతి వివరించారు. ప్రాక్సీ మొదట చూడాల్సినంత చూడాలి, ఎవరిని ఎవరితో కలపాలో తేల్చుకోవాలి. ఆ తర్వాత రెండు కనెక్షన్లనూ కెర్నల్లోనే అతికించేసి పక్కకు తప్పుకోవాలి. ఆ మాటలో ఉన్న మర్యాద గమనించండి: పనైపోయినవాడు పక్కకు తప్పుకోవాలి. బహుశా అందుకే మన దగ్గర అంతగా ప్రచారం కాలేదు.

ఆ రోజుల్లోనే సెండ్‌ఫైల్ కూడా వచ్చింది. ఫైలును ప్రోగ్రాము మెమరీలోకి ఎక్కించకుండా నేరుగా సాకెట్లోకి పంపేస్తుంది. వెబ్ సర్వర్ల వాళ్లు నెత్తిన పెట్టుకున్నారు. అయితే లినక్స్ సెండ్‌ఫైల్‌కు ఒక షరతు ఉంది: సరుకు వచ్చే వైపు సాకెట్ ఉండకూడదు. సాకెట్ నుంచి సాకెట్‌కు మోసే మన గుమాస్తాకు అది చుట్టరికం లేని పెళ్లి పిలుపు.

2006 జూన్‌లో లినక్స్ 2.6.17 వచ్చింది. అందులో జెన్స్ ఆక్స్‌బో రాసిన స్ప్లైస్ ఉంది. దీనికీ ఒక ఆచారం ఉంది: రెండు కొసల్లో ఒకటి తప్పనిసరిగా పైప్ కావాలి. కాబట్టి సాకెట్లోంచి పైప్‌లోకి ఒక స్ప్లైస్, పైప్‌లోంచి రెండో సాకెట్లోకి ఇంకో స్ప్లైస్. పైప్ అంటే ఇక్కడ కెర్నల్లోనే ఉండే ఒక చిన్న వరుస. మామూలుగా 16 పేజీలు, 64 కిలోబైట్లు. అందులోకి బైట్లు రావు, అవి ఏ మెమరీ పేజీలో ఉన్నాయో చెప్పే గుర్తులు వస్తాయి. కార్డు డ్రైవరు సహకరిస్తే బైట్లు దిగినచోటే ఉంటాయి, అక్కణ్నుంచే బయలుదేరతాయి. సిస్టమ్ కాల్స్ రెండూ మిగిలాయి గానీ నకళ్లు పోయాయి. టీసీపీ సాకెట్లోంచి ఇలా తీసుకునే ఏర్పాటు 2.6.25 నాటికి కుదిరింది.

ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లకు ఆ పైప్ తతంగం కూడా నచ్చలేదు. 2011లో వచ్చిన 4.9లో ఎస్ఓ-స్ప్లైస్ అనే సాకెట్ ఆప్షన్ పెట్టారు. ఈ సాకెట్‌ను ఆ సాకెట్‌కు కలుపు అని ఒక్కసారి చెబితే చాలు, మిగతాది కెర్నల్ చూసుకుంటుంది. ప్రోగ్రాము పడుకోవచ్చు. వాళ్ల రిలేడీ అనే లోడ్ బ్యాలెన్సర్ దీన్ని వాడుకుంటుంది. చిన్న బృందం, చిన్న మాట, పెద్ద పని. అంత చిన్న మాటతో మన దగ్గర డిజైన్ డాక్యుమెంటు నిండదు, ప్రమోషనూ రాదు.

అన్నట్టు లినక్స్ స్ప్లైస్‌కు ఒక ఫ్లాగు ఉంది, ఎస్‌ప్లైస్-ఎఫ్-మూవ్. పేజీలను కాపీ చేయకుండా తరలించమని కెర్నల్‌కు మనం పెట్టుకునే విన్నపం. మొదట రాసిన తీరులో బగ్గులున్నాయని 2.6.21 నుంచి దాన్ని నిర్వీర్యం చేశారు. ఇస్తే ఇప్పటికీ కాదనరు, తీసుకుంటారు. తీసుకుని ఏమీ చేయరు. భవిష్యత్తులో సరైన రూపంలో తిరిగి రావచ్చని మాన్యువల్ పేజీ హామీ ఇస్తోంది. ఆ హామీ వయసు రెండు దశాబ్దాలకు చేరువైంది. అయినా ఈనాటికీ కోడ్‌లో ఆ ఫ్లాగును భక్తిగా రాసేవాళ్లున్నారు, రివ్యూలో దాన్ని చూసి మెచ్చుకునేవాళ్లున్నారు.

సరే, సిస్టమ్ కాల్స్ అందరూ రాయలేరు, భాషే చూసుకోవాలి అంటారా? గో భాష చూసుకుంది. 2018లో వచ్చిన గో 1.11 నుంచి, లినక్స్‌లో రెండు టీసీపీ కనెక్షన్ల మధ్య ఐఓ-డాట్-కాపీ అని ఒక్క ముక్క రాస్తే అది లోపల చడీచప్పుడు లేకుండా స్ప్లైస్ వాడుతుంది. వరమిచ్చిన దేవుణ్ని మన ఇంజినీరు ఊరికే వదులుతాడా? ఎన్ని బైట్లు వెళ్లాయో లెక్కపెట్టాలని కనెక్షన్ చుట్టూ తన సొంత స్ట్రక్ట్ ఒకటి తొడుగుతాడు. తొడుగు కింద టీసీపీ కనెక్షన్ ఉందని లైబ్రరీకి తెలియదు. మర్యాదగా పాతదారి పట్టి, 32 కిలోబైట్ల బఫర్ తీసి, నకళ్లు రాయడం మొదలుపెడుతుంది. ఇంతకీ ఎన్ని బైట్లు వెళ్లాయో ఐఓ-డాట్-కాపీ పని ముగిశాక తనే చెబుతుంది. చివర్లో ఊరికే వచ్చే అంకె కోసం దారి పొడుగునా సుంకం కట్టాడన్నమాట. పైగా ఆ తొడుగుకు యూనిట్ టెస్టులు కూడా ఉంటాయి, అన్నీ పచ్చగా వెలుగుతుంటాయి.

ఇవన్నీ ఒక్క మధ్యవర్తి ఘనకార్యాలు. ఒక్కరితో తృప్తిపడే కాలం కాదిది. సర్వీస్ మెష్ వచ్చింది. ప్రతి సర్వీసు పక్కనా ఒక సైడ్‌కార్ ప్రాక్సీ కాపురం పెట్టింది. ఒకప్పుడు ఒక సర్వీసు ఇంకోదానికి డేటా పంపితే పంపేచోట ఒక నకలు, పుచ్చుకునేచోట ఒక నకలు. ఇప్పుడు అప్లికేషన్ తన సైడ్‌కార్‌కు ఇవ్వడం ఒకటి, అది పుచ్చుకుని పంపడం రెండు, అవతలి సైడ్‌కార్ పుచ్చుకుని ఇవ్వడం రెండు, అవతలి అప్లికేషన్ పుచ్చుకోవడం ఒకటి. రెండు కాస్తా ఆరయ్యాయి. మాదాపూర్‌లో ఏ గాజు మేడలోనైనా ఇలాంటి సంభాషణ వినిపించవచ్చు:

“అన్నా, ఈ సైడ్‌కార్ ఆ డేటాతోటి ఏం జేస్తది?”

“ఏం జెయ్యదు తమ్మీ. పక్కకిస్తది.”

“మరెందుకు తీసుకుంటది?”

“తీసుకోకుంటే ఎట్లిస్తది?”

ఇంత పకడ్బందీ తర్కం ముందు ఏ స్ప్లైస్ నిలబడుతుంది?

సైడ్‌కార్ ఊరికే కూర్చోదు, ఎన్‌క్రిప్షన్ చేస్తుంది, మెట్రిక్స్ తీస్తుంది, విఫలమైతే మళ్లీ పంపుతుంది అని భక్తులు కోప్పడతారు. నిజమే, ఆ పనులు ఉన్నచోట అది తన కూలి తాను సంపాదించుకుంటున్నట్టే. కానీ నాలుగు గిగాబైట్ల బ్యాకప్ ఫైలు ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి పోతుంటే మెట్రిక్‌కు కావాల్సింది దాని పొడవు ఒక్కటే. ఆ పొడవు కోసం ఫైలు మొత్తాన్ని తడమాలా? హెచ్‌ఏప్రాక్సీ అనే లోడ్ బ్యాలెన్సర్ రాసిన విల్లీ టారో ఈ తేడాను ఏనాడో గుర్తించాడు. హెడర్ చదివి దారి తేల్చుకో, వెనక వచ్చే సరుకును స్ప్లైస్‌కు అప్పగించు. దానికి ఆ సాఫ్ట్‌వేర్లో ఆప్షన్లున్నాయి, డాక్యుమెంటేషన్ ఉంది. చదివే ఓపిక ఉన్నవాళ్లే కరువు.

ఇక జీరో కాపీ, అంటే నకలే లేకుండా పంపడం, అనే జెండా పట్టుకుని ఊరేగే రెండో ముఠా సంగతి. అమీర్‌పేట కోచింగ్ నోట్సు దగ్గర్నుంచి ఇంటర్వ్యూ గదుల దాకా ఒక ప్రశ్నోత్తరం చెలామణీలో ఉంది. సందేశాలు మోసే కాఫ్కా ఎందుకంత వేగం? జీరో కాపీ కాబట్టి. అడిగినవారికి ఆనందం, చెప్పినవారికి ఉద్యోగం. చేరిన మొదటి వారంలో సెక్యూరిటీ టీమ్ వచ్చి టీఎల్ఎస్ ఎన్‌క్రిప్షన్ పెట్టమంటుంది, పెడతారు. కాఫ్కాలో టీఎల్ఎస్ ప్రోగ్రాము మెమరీలోనే జరుగుతుంది కాబట్టి, అది పెట్టినచోట సెండ్‌ఫైల్ వాడబోమని కాఫ్కా డాక్యుమెంటేషన్ తేటతెల్లంగా రాసిపెట్టింది. జీరో కాపీ ఆ రోజే సెలవు తీసుకుంటుంది. తర్వాతి బ్యాచ్ ఇంటర్వ్యూలో మాత్రం అదే ప్రశ్న, అదే జవాబు, అదే ఆనందం.

2017లో లినక్స్ 4.14తో ఎంఎస్‌జీ-జీరోకాపీ వచ్చింది. ప్రోగ్రాము మెమరీలో ఉన్నదాన్ని కాపీ చేయకుండా పంపే ఏర్పాటు ఇది. ఊరికే రాదు. పేజీలను కదలకుండా పట్టి ఉంచాలి, పంపడం పూర్తయిందన్న కబురు కోసం ఎర్రర్ క్యూ చదవాలి, ఆ కబురు అందేదాకా ఆ బఫర్‌ను ముట్టుకోకూడదు. సుమారు 10 కిలోబైట్లు దాటిన రైట్లకే ఇది గిట్టుబాటని కెర్నల్ డాక్యుమెంటేషనే చెబుతుంది. మనవాళ్లు 200 బైట్ల జేసన్‌కు దీన్ని తగిలిస్తారు. అది చాలదన్నట్టు లాప్‌టాప్‌లో లూప్‌బ్యాక్ మీద కొలుస్తారు. లూప్‌బ్యాక్‌లో కెర్నల్ ఎలాగూ కాపీ చేసేస్తుంది, చేశానని ఆ ఎర్రర్ క్యూలోనే చీటీ కూడా పెడుతుంది. ఆ చీటీ ఎవరు చదవాలి? గ్రాఫు గీసేశారు. జీరో కాపీ దండగని తీర్పు వచ్చేసింది.

జీరో కాపీ వీరభక్తులారా, మీరూ ఇలా రండి. నకలు ఎప్పుడూ పాపం కాదు. చిన్న ముక్కైతే కాపీ చేసి పారేయడమే చవక. క్యాష్‌లో ఉన్న నాలుగైదు వందల బైట్లను జరపడం కంటే పేజీ టేబుళ్లు మార్చి, పేజీల చిరునామాలు దాచుకునే టీఎల్‌బీలు తుడిచి, పేజీ ఫాల్టులు భరించడం ఖరీదైన వ్యవహారం. 2006లో లినక్స్ సృష్టికర్త లినస్ టోర్వాల్డ్స్ ఇదే వాదన చేశాడు. మెమరీ పేజీలతో గారడీ చేసి జీరో కాపీ సాధించామనేవాళ్లను ఆయన తిట్టిన తిట్లు కుటుంబ పత్రికలో అచ్చు వేయదగ్గవి కావు. తిట్టు తీసేసినా వాదన మిగులుతుంది: కాపీ తప్పించడానికి పెట్టే ఖర్చు కాపీ ఖర్చును మించితే అది పొదుపు కాదు.

పైగా నకలు లేదంటే ఒకే పేజీ మీద ఇద్దరి చేతులున్నట్టే. ఎవరిది ఎప్పుడు వదులుతుందో కచ్చితంగా తెలియాలి. 2.6.25 నుంచి 2.6.28 దాకా వచ్చిన కెర్నళ్లలో చాలావాటి స్ప్లైస్ బగ్గులమయమని, డేటాను పాడుచేసి పంపుతుందని, వాటిని వాడవద్దని హెచ్‌ఏప్రాక్సీ మాన్యువల్ హెచ్చరించింది. 2022 మార్చిలో మాక్స్ కెల్లర్‌మన్ బయటపెట్టిన డర్టీ పైప్ ఇంకో మెట్టు పైది. స్ప్లైస్ ఒక ఫైలు పేజీని పైప్‌లో పెడుతుంది. ఆ పైప్ గదిలో పాత ఫ్లాగు ఒకటి తుడవకుండా మిగిలిపోయింది. తర్వాత పైప్‌లో రాసినదల్లా వెళ్లి ఆ ఫైలు పేజీ మీదే పడింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలును మామూలు యూజరు తిరగరాసేయొచ్చు. నకలు తీసేటప్పుడు కాస్త ఒళ్లు మరచినా పోయేది సమయమే. నకలు మానేసిన రోజు ఒళ్లు మరిస్తే పోయేది సిస్టమే.

మరి దీనికి అంతు లేదా అంటే, లెక్క తెలిసినవాళ్లు చూపించారు. నెట్‌ఫ్లిక్స్ ఇంజినీరు డ్రూ గ్యాలటిన్ 2021 యూరోబీఎస్‌డీకాన్‌లో, ఫ్రీబీఎస్‌డీ నడిచే ఒక్క మెషీను నుంచి సెకనుకు 400 గిగాబిట్ల వీడియోను టీఎల్ఎస్‌తో సహా పంపే ప్రయత్నాన్ని వివరించాడు. వాళ్లది ఫైలు నుంచి సాకెట్‌కు మోసే పని. బాధ మాత్రం మనదే: వాళ్లకు అడ్డొచ్చింది ప్రాసెసర్ తెలివి కాదు, మెమరీలోకీ బయటికీ జరిగే రాకపోక. కాబట్టి ఒక్కో బైటు మెమరీని ఎన్నిసార్లు తాకుతోందో వేలు మడిచి లెక్కపెట్టారు. సెండ్‌ఫైల్‌తో ప్రోగ్రామును పక్కకు తప్పించారు. టీఎల్ఎస్‌ను కెర్నల్లోకి దించారు. చివరికి ఎన్‌క్రిప్షన్‌ను నెట్‌వర్క్ కార్డుకే అప్పగించారు. ముట్టుకోక తప్పని పనిని, ఎలాగూ ముట్టుకునేవాడి చేతిలో పెట్టారు. ఇందులో మాయ లేదు, మంత్రం లేదు. మధ్యలో ఉన్న ప్రతివాణ్నీ నిలబెట్టి “నువ్వెందుకు?” అని అడిగారంతే.

ఆ ప్రశ్న మన డిజైన్ రివ్యూల్లో వినపడదు. బాణం గుర్తుల మధ్య ఇంకో డబ్బా గీస్తే ఎవరూ అడ్డుచెప్పరు. డబ్బా తీసేద్దామంటే అందరూ లేస్తారు. నిజానికి అడగాల్సింది మూడే ముక్కలు. ఈ డబ్బా డేటాను చూస్తుందా? చూడకపోతే స్ప్లైస్‌కో, కెర్నల్‌కో అప్పగించి లెమ్మనండి. హెడర్ మాత్రమే చూస్తుందా? చూశాక లెమ్మనండి. మొత్తం చూస్తుందా? అయితే కూర్చోనివ్వండి, కానీ చూసినందుకు ఏం ఒరిగిందో రాసిమ్మనండి. చిన్న ముక్కలైతే కాపీ చేసుకోనివ్వండి. పెద్ద ప్రవాహమైతే మెమరీని ఎన్నిసార్లు తాకుతోందో పెర్ఫ్ అనే సాధనం పెట్టి కొలవండి. కొలిచాక వాదించండి. కొలవకుండా వాదించాలని మరీ ఉబలాటంగా ఉంటే టీవీ చర్చలున్నాయి, అక్కడికి వెళ్లండి.

ఇదంతా ఎవరికీ తెలియక కాదు. మాన్యువల్ పేజీలున్నాయి, ఫంక్షన్లున్నాయి, ఇరవయ్యేళ్ల కిందటి కెర్నల్ ఉంది. అయినా నకళ్లు ఆగవు. ఎందుకంటే నకలు తీసే ప్రాసెసర్‌కు అలుపు లేదు, తీయించే ఇంజినీరుకు ఖర్చు లేదు, అద్దెకిచ్చే క్లౌడ్‌కు అభ్యంతరం లేదు. ఎవరూ చూడని బైట్లను రెండేసి సార్లు, ఆరేసి సార్లు రాయించినందుకు నెలనెలా డబ్బు కట్టేది వేరొకరు. ఆ వేరొకరిని డిజైన్ రివ్యూకు ఇంతవరకూ ఎవరూ పిలవలేదు.